మిర్చి యార్డుకు కొత్త మైకు

ఎలక్ట్రికల్ ఇంజినీరుగా రిటైరయ్యాక, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కలిసినప్పుడు ఒకటే అడుగుతుంటారు: "మేడమ్, మీరు చేసినవాటిలో పెద్ద పని ఏది?" ఏ సబ్‌స్టేషన్ గురించో, ఏ ఎత్తిపోతల మోటార్ల గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నేను మిర్చి యార్డులో స్పీకర్లు బిగించిన సంగతి మొదలుపెడతాను. వాళ్ళ ముఖాలు కాస్త చిన్నబోతాయి. పెద్దదాన్ని కదా, లేచి వెళ్ళలేరు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిర్చి పండని మండలాలు తక్కువ. అందులో ఏదో ఒక ఊరి మార్కెట్ యార్డు అనుకోండి, చాలు. అక్కడికి నన్ను వేసినప్పుడు నాకు నలభై దాటాయి. సెల్‌ఫోన్లు రైతుల జేబుల్లోకి వస్తున్న కొత్తలు. చేరిన మొదటి రోజు గేటు దాటానో లేదో తుమ్ములు అందుకున్నాయి. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు. చార్జి తీసుకుంటున్నట్టు సంతకం పెడుతుంటే కాగితం మీద ఒక బొట్టు పడింది. సెక్రటరీ గారు నవ్వి, "వారం రోజులేనండీ. తర్వాత ఇంటికెళ్తే ఏదో వెలితిగా ఉంటుంది" అన్నారు. నిజమే. ఇప్పటికీ ఎవరైనా పక్కింట్లో ఎండుమిరపకాయలు వేయిస్తే మావాళ్ళు కిటికీలు మూస్తారు, నేను తెరుస్తాను.

ఆ యార్డు చాలా పెద్దది. తూర్పున మెయిన్ గేటు, పడమట వెనక గేటు, మధ్యలో ఉత్తరాన ఒక వరుస, దక్షిణాన ఒక వరుస షెడ్లు. సీజనులో తెల్లవారేసరికి మిర్చి బస్తాలు, మావైపు టిక్కీలంటారు, గోడల్లా లేచేవి. రైతులు, కమీషన్ వ్యాపారులు, ముఠా కూలీలు, కాయల ముచ్చికలు తీసే ఆడవాళ్ళు, లారీలు, టీ కెటిల్స్. ఇంత గోలకూ పైన ఒక గొంతు వినిపించేది.

"రైతు సోదరులారా! మీ సరుకుకు కాటా అయిన వెంటనే చీటీ అడిగి తీసుకోండి. మరువవద్దు."

ఆ గొంతు మాస్టారిది. ఆయన బడిలో ఎప్పుడూ పాఠం చెప్పలేదు. వాళ్ళ పేటలో చర్చిలో ఆదివారం పిల్లలకు పాటలు నేర్పేవాడు, అలా మాస్టారయ్యాడు. యార్డులో ఆయన ఉద్యోగం మైకులో చెప్పడం. మెయిన్ గేటు పక్కన చిన్న మైకు గది, అందులో పాత ఆంప్లిఫయర్, దాని ఎదురుగా ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాతో మాస్టారు. తన గొంతంటే ఆయనకు మహా గర్వం. సీజను నాలుగు నెలలూ చల్లటి నీళ్ళు ముట్టడు. ఎవరైనా "మాస్టారూ, కాస్త ఆ మైకులో నేనూ..." అంటే, "ఇది పెళ్ళి మైకు కాదబ్బాయ్" అని తలుపేసేవాడు.

ఆ మైకుకున్న జబ్బు నాకు ఒక వాన రోజున తెలిసింది.

మార్చి నెల. మబ్బు పట్టింది. మాస్టారు మైకందుకుని, "వర్షం వచ్చేటట్టుంది, ఆరుబయట ఉన్న సరుకు మీద పరదాలు కప్పుకోండి" అని పదే పదే చెప్పాడు. కాసేపట్లో జల్లు కొట్టింది, వెలిసింది. నేను గొడుగు మడిచి దక్షిణపు వరుస చివరకు వెళ్ళేసరికి సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఒక రైతు, ఆయన భార్య నీళ్ళలో తేలుతున్న కాయల్ని చేటలతో ఎత్తుతున్నారు. ఆవిడ నన్ను చూసి లేచి నిలబడింది.

"అందరికీ చెప్పారంటగా అమ్మా. మాకెందుకు చెప్పలా?"

పైకి చూశాను. ఉదయం ఏదో లారీ పైబస్తా తగిలి మైకు హారన్ల తీగ తెగి వేలాడుతోంది. అక్కడి నుంచి చివరిదాకా ఉన్న హారన్లన్నీ మూగవి. గదిలో కూర్చుని చెబుతున్న మాస్టారికి ఆ సంగతి తెలిసే దారి లేదు. చెప్పేవాడు చెప్పాననే అనుకుంటాడు. వినపడనివాడికి తనకు వినపడలేదన్న సంగతే తెలియదు. ఆ రాత్రి అన్నం తింటుంటే ఆవిడ మాటే చెవుల్లో పడింది. కోపంగా అనలేదు, ఆరా తీస్తున్నట్టు అడిగింది. కోప్పడి ఉంటే బాగుండేది.

సెక్రటరీ గారు కొత్తవంటే ఉత్సాహం ఉన్న మనిషి. నేను అడగ్గానే, "మార్చేద్దాం. హైదరాబాదులో ఒక ఆఫీసులో చూశాను. నెట్‌వర్క్ స్పీకర్లంట. కంప్యూటర్లకు లాగే తీగల్తోనే మైకు కూడా" అన్నారు. అప్పటికి మా జిల్లాల్లో అలాంటివి బిగించినవాళ్ళు నాకు తెలిసి లేరు. పుస్తకాలు తెప్పించుకుని చదివాను. సంగతి చిన్నదే. పాత పద్ధతిలో ఒక పెద్ద ఆంప్లిఫయర్, దానికి దండలా గుచ్చిన హారన్లు. తీగ ఒకచోట తెగితే ఆ తర్వాతివన్నీ పోతాయి. కొత్త పద్ధతిలో ప్రతి స్పీకరుకూ ఫోన్ నంబరులా దాని నంబరు దానికుంటుంది, దాని తీగ దానికుంటుంది. ఒక షెడ్డుతోనే మాట్లాడవచ్చు, అన్నిటితోనూ మాట్లాడవచ్చు. ఏ స్పీకరు పలకకపోయినా గదిలోని తెర మీద ఎర్రగా కనిపిస్తుంది. నాకు కావలసింది ఆ ఎర్ర చుక్క.

సెక్రటరీ గారికి కావలసింది వేరు. "ఇందులో రికార్డు చేసి పెట్టుకోవచ్చంట మేడమ్. వాన మాట, కాటా మాట, అన్నీ ఒకసారి మంచి గొంతుతో చెప్పించి పెడితే మీట నొక్కితే చాలు. మైకుకు మనిషే అక్కర్లేదు."

ఆ మాట సాయంత్రానికల్లా మైకు గదికి చేరింది. మర్నాడు మాస్టారు నాతో మాట్లాడలేదు. ఆ మర్నాడూ మాట్లాడలేదు. మూడోనాడు నేనే వెళ్ళాను.

"మాస్టారూ, మిమ్మల్ని తీసేయడానికి కాదండీ ఇది."

"నన్ను తీసేస్తే తీసేయండి మేడమ్ గారూ. పర్సు పారేసుకున్నోడు ఏడుస్తా వస్తే మీట నొక్కుతారా? ఏ మీట నొక్కుతారు?"

ఆయన పాత మైకు మీది దుమ్ము కండువాతో తుడుస్తూ ఉండిపోయాడు.

స్పీకర్ల ఎంపికలో మొదటి తప్పు మేమందరం కలిసి చేశాం. హైదరాబాదు కంపెనీ ప్రతినిధి టై కట్టుకుని వచ్చాడు. మీటింగు హాల్లో తెల్లటి నున్నటి పెట్టెలు పెట్టి ఒక వీణ కచేరీ వినిపించాడు. ఏసీ హాలు, మూసిన తలుపులు. మార్కెట్ కమిటీ సభ్యులందరూ తలలూపారు, నేనూ ఊపాను. అవే రెండు షెడ్లలో పరీక్షకు కట్టించాం. సరుకు వేలం సాగే సమయంలో అక్కడ నలుగురు వ్యాపారులు పైపాట అరుస్తున్నారు, ఒక లారీ వెనక్కొస్తోంది. వీణ కాదు కదా, మాస్టారి గొంతు కూడా పక్క బస్తా దాటలేదు. వారం తిరిగేసరికి ఆ తెల్ల పెట్టెల జల్లెళ్ళలో ఎర్రటి కారం పేరుకుంది. కంపెనీ ప్రతినిధి నిచ్చెనెక్కి మూత తీసి, అదంతా ముఖం మీద పడి, దిగి, చాలాసేపు తుమ్ముతూనే ఉన్నాడు.

ఆ తర్వాత అదే కంపెనీ హారన్లలో నెట్‌వర్క్ రకం తెప్పించాం. దుమ్ము చొరబడనివి, ఎండకు తట్టుకునేవి. ఉత్తరపు వరుస అంతా పరీక్షగా బిగించాం. దక్షిణపు వరుసలో పాత హారన్లే ఉంచాం. ఇవి గట్టిగా పలికాయి. కానీ మర్నాడు ముచ్చికలు తీసే ఆడవాళ్ళ మేస్త్రి నా దగ్గరకొచ్చింది. పదో తరగతి చదివిన మనిషి, ముప్ఫై ఐదేళ్ళుంటాయేమో. మైకు లేకపోయినా మూడు షెడ్లకు వినపడే గొంతు.

"మేడమ్ గారూ, మాస్టారు ఇప్పుడు ఇద్దరయ్యారండీ."

"ఏంటమ్మా అది?"

"ఒకసారి ఆయన చెప్తన్నాడు, వెనకమాల ఆయన దెయ్యం చెప్తంది. ఏ మాటా తెలీట్లా."

వెళ్ళి నిలబడి విన్నాను. నిజమే. తీగల్లో మాట ఒక్కో స్పీకరుకు ఒక్కో క్షణం తేడాతో చేరుతోంది. అన్నీ కలిసి గందరగోళం. కంపెనీ ప్రతినిధి, నేను ఎండలో పడి ఒక్కో హారనుకు సమయం సరిచేశాం. మేస్త్రి ఒక షెడ్డులో, వాళ్ళ ఆడవాళ్ళు మిగతా షెడ్లలో నిలబడి "ఇంకా దెయ్యం ఉంది" అనీ, "పోయింది" అనీ కేకలేసేవాళ్ళు. టై ఊడిపోయింది, చొక్కా చేతులు మడతపడ్డాయి, కంపెనీ కుర్రవాడు కూడా "దెయ్యం పోయిందా అక్కా?" అని అరవడం నేర్చుకున్నాడు. ఉద్యోగంలో నేను బాగా నవ్విన రోజులు అవి.

ఈ కొత్త మైకు ఒక చిన్న పెట్టె. దాన్ని మాస్టారి బల్ల మీద పాతదాని పక్కన పెట్టాం. ఆయన దానికేసి సవతిని చూసినట్టు చూసేవాడు. తీగలన్నీ కలిసే చోటు మాత్రం వెనక గేటు దగ్గరి కాటా గదిలో పెట్టించాను. అక్కడ దుమ్ము తక్కువ, తాళం ఉంటుంది, కరెంటు పోయినా బ్యాటరీ ఉంది, హారన్లకు కరెంటు కూడా ఆ తీగల్లోంచే వెళుతుంది. ఆ గదిలో కూడా మైకు తగిలించుకునే చోటు ఒకటుంది. దాని అవసరం వస్తుందని నాకు తట్టలేదు. ఆ పెట్టెకున్న రంధ్రాల్లో అదీ ఒకటి, అంతే.

పరీక్ష ఇంకా సాగుతుండగా ఒక మధ్యాహ్నం, బజారు మంచి ఊపులో ఉన్నప్పుడు, మెయిన్ గేటు పక్కన పోసిన ఖాళీ గోతాల గుట్ట అంటుకుంది.

నేను కాటా గదిలో కంపెనీ ప్రతినిధితో ఉన్నాను. మొదట వాసన వచ్చింది. "మేం లాగిన తీగలేనా?" అంటూ లేచాను. ఆ గుట్ట దగ్గర కరెంటు తీగే లేదని తర్వాత విచారణలో తేలింది, బీడీ అన్నారు, ఎవరిదో తేలలేదు. అప్పుడు మాత్రం అదేమీ తెలియదు. బయటికి వచ్చేసరికి మంట గోతాల మీంచి పక్కనున్న టిక్కీలకు పాకింది. సముద్రపు గాలి తిరిగే వేళ. పొగ మొత్తం యార్డు లోపలికి తోసుకొస్తోంది. మామూలు పొగ కాదు. మిర్చి కాలిన పొగ. అది పీల్చినవాడికి ఊపిరి ఆగిపోతుంది, కళ్ళు తెరవలేడు. వేల మంది జనం. అందరికీ అలవాటైన దారి మెయిన్ గేటే. అందరూ మంట వైపే పరుగెత్తుతారు.

యార్డు కరెంటు మెయిన్ స్విచ్చులు ఆపించాను. మైకు గది వైపు చూస్తే పొగలో కనిపించనే లేదు. "మాస్టారు!" అని అరిచాను.

పొగలోంచి మాస్టారు వచ్చాడు. ముఖానికి కండువా చుట్టుకున్నాడు, దగ్గుతూ తూలుతున్నాడు. చంకలో కొత్త మైకు పెట్టె ఉంది. పాతది వదిలేసి దీన్నే ఎందుకు తెచ్చాడో తర్వాత అడిగాను. "పాతది బల్లకు బిగించి ఉంది మేడమ్ గారూ, రాలా" అన్నాడు. ఆయన నిజమే చెప్పాడు, నేను ఏదో గొప్ప మాట ఆశించాను.

కంపెనీ ప్రతినిధి ఆ పెట్టెను కాటా గదిలో తగిలించాడు. బ్యాటరీ మీద పచ్చ దీపం వెలిగింది.

వెనక గేటు పెద్దది కాదు. అందరినీ ఒక్కసారి పిలిస్తే అక్కడే తొక్కుకుంటారు. "ముందు ఈ గేటు పక్క చివరి షెడ్లకు మాత్రమే పెట్టు" అన్నాను కుర్రవాడితో. "వాళ్ళు వెళ్ళాక మధ్యవి. గేటుకు అడ్డంగా ఒక లారీ ఆగి ఉంది, ముందు దాన్ని తీయాలి." మాస్టారు మైకు ముందు కూర్చున్నాడు. నోరు తెరిచాడు. దగ్గు తప్ప మాట రాలేదు. నేను లాక్కుని, "అందరూ వెనక గేటుకు రండి, అందరూ వెనక గేటుకు" అని కేకపెట్టాను. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది: జనం తలెత్తి చూశారు, ఎవరో ఆడమనిషి అరుస్తోందనుకున్నారు, కదల్లేదు. కొందరైతే గేటెక్కడో తెలియనట్టు అటూ ఇటూ తిరిగారు.

మాస్టారు నా భుజం మీద తట్టి పక్కకు జరగమన్నాడు. మళ్ళీ దగ్గాడు. ఆ దగ్గు చివరి షెడ్లన్నిటిలో మోగింది. ఆ తర్వాత గొంతు వచ్చింది, చిరిగిపోయిన గొంతు, కానీ రోజూ చీటీ సంగతి చెప్పే ఆ తీరులోనే, ఆ విరుపుతోనే:

"రైతు సోదరులారా... కంగారు పడవద్దు. సరుకు వదలండి. తడిగుడ్డ ముఖానికి పెట్టుకుని... వెనక గేటుకు నడవండి. పరుగు వద్దు. నడవండి. లారీ డ్రైవరు గారూ, బండి బయటికి తీయండి."

నడిచారు. నా కళ్ళతో చూశాను. ఆ షెడ్లలో జనం నిజంగా నడిచారు. తర్వాతి షెడ్డు, ఆ తర్వాతి షెడ్డు. కుర్రవాడు ఒక్కోటి మారుస్తున్నాడు, మాస్టారు ప్రతిసారీ మొదటి నుంచి "రైతు సోదరులారా" అనే మొదలుపెడుతున్నాడు. కళ్ళ నీళ్ళు గడ్డం మీంచి కారుతున్నాయి. తుడుచుకోవడానికి కూడా ఆగలేదు.

దక్షిణపు వరుసకు మా దగ్గర మైకు లేదు. అక్కడి పాత హారన్లు పొగలో ఉండిపోయిన ఆంప్లిఫయరుతోపాటే పోయాయి. నేను గదిలోంచి బయటపడి అటు పరుగెత్తాను. అప్పటికే మేస్త్రి ఒక టిక్కీల వరుస మీద నిలబడి ఉంది. కొంగు ముక్కుకు బిగించి, చేతులు ఊపుతూ, "ఒరేయ్, ఆగండ్రా! ఆ గేటు కాదు! ఏందిరా చెవుడా? ఇటు రండి! అక్కా, పిల్లదాన్ని ఎత్తుకో, ఇటు!" అని అరుస్తోంది. తన ఆడవాళ్ళు చేతులు పట్టుకుని దారికడ్డంగా గోడ కట్టారు. నేనూ ఆ గోడలో ఒక చెయ్యి పట్టుకున్నాను. అయినా ముందు షెడ్ల నుంచి చాలామంది మెయిన్ గేటు వైపే పోయారు. అక్కడ పడి ఒక ముసలి కూలీ కాలు విరిగింది, పొగకు పదుల మంది స్పృహ తప్పారు. ఫైరింజన్లు వచ్చి మంట ఆర్పేసరికి ముందరి షెడ్ల సరుకు బూడిదైంది. ఏడాది కష్టం పోగొట్టుకున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు.

ఆసుపత్రిలో మంచాల మధ్య నడుస్తూ నేను ఒకటే గమనించాను. పడుకున్నవాళ్ళలో ఎక్కువమంది దక్షిణపు వరుస వాళ్ళే.

ఆ నెలలోనే కమిటీ కూర్చుంది. ఏం కొనాలో నన్నడిగారు. నెట్‌వర్క్ హారన్లే కావాలన్నాను, రెండు వరుసలకూ. మైకు తగిలించే చోట్లు రెండు గేట్ల దగ్గరా, కాటా గదిలోనూ కావాలన్నాను. రికార్డు చేసిన మాటలు ఉంటే ఉండనివ్వండి, మైకు ముందు మనిషి మాత్రం తప్పకుండా ఉండాలన్నాను. ఒక సభ్యుడు మొహమాటం లేకుండా అడిగాడు: "మాస్టారి గొంతు పోయిందంటున్నారు కదా. గొంతులేని మనిషికి కొత్త మైకు దేనికండీ?"

నేను నోరు తెరిచేలోపే సెక్రటరీ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ గొంతు పోయింది మన యార్డులోనే కదండీ" అన్నారు.

రెండు వరుసలకూ కొనడానికి సభ్యులు సంతకాలు పెట్టారు. రికార్డింగు సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

మాస్టారి గొంతు చాలా నెలలకు వచ్చింది గానీ పాత గొంతు కాదు. అడుగున ఎప్పుడూ ఒక గరగర. చర్చిలో పాటలు మానేశాడని విన్నాను. యార్డులో మాత్రం మానలేదు. రైతులకు ఆ గరగరే అలవాటైంది. నాలుగు మాటలు చెబితే అలసిపోతున్నాడని మేస్త్రిని సాయంగా తీసుకున్నాం. మొదట ఆయన ఒప్పుకోలేదు. "గొంతుంటే చాలదు, మాటకు మర్యాదుండాలి" అన్నాడు. ఆవిడ మొదటిరోజు మైకులో, "ఎవరండీ ఆ బండి అడ్డంగా పెట్టింది, తీయండి ముందు!" అనేసింది. మాస్టారు తల పట్టుకున్నాడు. బండి మాత్రం వెంటనే కదిలింది. ఒక సీజను పొడుగునా ఆయన దగ్గర కూర్చోబెట్టుకుని ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు లేపాలో నేర్పాడు. ఆవిడ అన్నీ నేర్చుకుంది, ఒక్కటి మార్చింది. "రైతు సోదరులారా, సోదరీమణులారా" అనేది. "అంత పొడుగు దేనికమ్మా" అని ఆయన రెండు మూడుసార్లు గొణిగి ఊరుకున్నాడు.

మాస్టారు రిటైరయ్యే రోజు సాయంత్రం సన్మానం. ఉదయం ఆయన నా గదికి వచ్చి కాస్త సిగ్గుపడుతూ నిలబడ్డాడు.

"మేడమ్ గారూ, నేనెప్పుడూ బయట నిలబడి వినలేదండీ. ఎప్పుడూ గదిలోనే కదా. ఒకసారి ఆ అమ్మాయిని మాట్లాడమని, నేను షెడ్లలో తిరిగొస్తాను. మీరూ రండి."

ఇద్దరం నడిచాం. బజారు మొదలయ్యే వేళ. ఉత్తరపు వరుస దాటి, దక్షిణపు వరుస చివరిదాకా వెళ్ళాం. ఒక ముసలి రైతు తన టిక్కీల మీద చేరగిలబడి చుట్ట నములుతున్నాడు. నెత్తిన హారను పలికింది. మేస్త్రి గొంతు, తొణకని గొంతు, కాటా చీటీల సంగతి చెబుతోంది.

మాస్టారు ఆగి పైకి చూశాడు. ముఖమంతా వెలిగింది. నా చేయి పట్టుకుని, "ఇట్టా వినపడతదా మేడమ్ గారూ? ఇంత బాగా వినపడతదా? ఇన్నేళ్ళూ నా మాట కూడా ఇట్టానే..." అంటూ గరగర గొంతుతో గట్టిగా మొదలుపెట్టాడు.

ముసలి రైతు చుట్ట తీసి కసిరాడు.

"అబ్బా, కాసేపు ఆగవయ్యా పెద్దమనిషీ. మైకులో చెప్తన్నారు, విననీ."

మాస్టారు టక్కున నోరు మూసుకున్నాడు. ఒక్క క్షణం నావైపు చూసి, వెళ్ళి ఆ రైతు పక్కనే టిక్కీ మీద కూర్చున్నాడు. తెల్ల చొక్కాకు కారం అంటుకుంటుందని కూడా చూడలేదు. చెప్పడం పూర్తయ్యేదాకా ఇద్దరూ కదలకుండా విన్నారు.